హామెన్‌లిన్నాలో పాత ఫిరంగులు, కొత్త లెక్కలు

హెల్సింకీలో రైలెక్కితే ఉత్తరంగా సుమారు గంట ప్రయాణంలో హామెన్‌లిన్నా వస్తుంది. సరస్సు ఒడ్డున ఎర్ర ఇటుకల పాతకోట ఆ ఊరి గుర్తు. వచ్చినవాళ్లలో చాలామంది కోట చూసి వెనుదిరుగుతారు. కోటను ఆనుకుని, ఒకప్పటి సైనిక బ్యారక్‌ల ఆవరణలో మ్యూజియో మిలిటారియా ఉంది. ఫిన్లాండ్ ఫిరంగిదళం, ఇంజనీర్ల దళం, సమాచార దళాల చరిత్రను 2013 నుంచి ఇక్కడ ఒకేచోట చూపిస్తున్నారు. మేం వెళ్లింది ఫిరంగుల కోసం. అందులోనూ రెండు ప్రపంచ యుద్ధాల నడుమ ఈ చిన్న దేశం చేతిలో ఏమేం ఉండేవో చూడాలని.

ఇక్కడి ఫిరంగుల పేర్లు చదవడం తేలిక. 76 కె/02 అంటే 76 మిల్లీమీటర్ల గొట్టం, కానన్, 1902 నమూనా. 122 హెచ్/10 అంటే 122 మిల్లీమీటర్ల హోవిట్జర్, 1910 నమూనా. ఈ అంకెలు చదువుకుంటూ నడిస్తే అసలు సంగతి అర్థమవుతుంది. 1939లో సోవియట్ సైన్యానికి ఎదురు నిలిచిన దేశం దగ్గరున్న ఫిరంగుల్లో ఎక్కువ భాగం రష్యా చక్రవర్తి కాలానివి. కొన్ని పుతిలోవ్ కర్మాగారంలో పుట్టినవి, మరికొన్ని జర్మనీ క్రుప్, ఫ్రాన్స్ ష్నైడర్ నమూనాల మీద రష్యా తయారుచేసుకున్నవి. 1917 డిసెంబర్ 6న ఫిన్లాండ్ స్వతంత్రం ప్రకటించుకుంది. 1918 జనవరిలో అంతర్యుద్ధం మొదలైంది. ఫిన్లాండ్‌లో మోహరించి ఉన్న రష్యన్ సేనల సామగ్రి అప్పుడు చేజిక్కింది. కొత్త దేశపు ఫిరంగిదళానికి అదే పునాది.

పాతవన్నీ ఒకే తీరు పాతవి కావు. 76 కె/02లో పేలినప్పుడు గొట్టం ఒక్కటే వెనక్కి జారి, మళ్లీ తన చోటికి వస్తుంది. బండి కదలదు కాబట్టి గురి పెద్దగా చెదరదు. ఆరు గుర్రాలు లాగే ఈ ఫిరంగి దాదాపు ఆరున్నర కిలోల గుండును విసిరేది. 87 కె/77 అంతకు ముందు తరానిది. దాని గొట్టం బండికి బిగించి ఉంటుంది. పేలిన ప్రతిసారీ ఫిరంగి మొత్తం వెనక్కి తన్నుకుంటుంది. సిబ్బంది దాన్ని ముందుకు తోసి, మళ్లీ మొదటినుంచి గురి సరిచూసుకోవాలి. 1877 నాటి ఈ నమూనాను ఫిన్లాండ్ 1939-40 చలికాలంలో కూడా యుద్ధానికి పంపింది. మైనస్ ముప్పై డిగ్రీల చలిలో, మోకాలి లోతు మంచులో ఆ ఇనుప బండిని ముందుకు తోసిన చేతులను ఊహించుకుంటే ఆ చక్రాల దగ్గర నుంచి కదలబుద్ధి కాదు.

కొత్తవి ఎందుకు కొనలేదంటే, డబ్బు దగ్గరే ఆగిపోయింది. 1931లో రక్షణ మండలి అధ్యక్షుడైన మన్నర్‌హైమ్ అడుగుతూనే ఉన్నాడు. స్వీడన్ బోఫోర్స్ కంపెనీ నుంచి 105 మిల్లీమీటర్ల ఫిరంగులు కొద్దిగా వచ్చాయి. విమాన విధ్వంసక ఫిరంగులు కూడా అక్కడివే. బోఫోర్స్ 37 మిల్లీమీటర్ల ట్యాంకు విధ్వంసక ఫిరంగిని దేశంలోనే తయారుచేయడం ముప్పైల చివర్లో గానీ మొదలు కాలేదు. అప్పటికే ఆలస్యమైంది. తాంపెరె నగరంలోని తాంపెల్లా మోర్టార్లు చేయసాగింది. ఈ పేరు భారత సైన్యానికీ తెలిసిందే. తాంపెల్లా పరిజ్ఞానంతో తర్వాతి కాలంలో ఇజ్రాయెల్‌లో తయారైన 160 మిల్లీమీటర్ల మోర్టార్‌ను, 2024లో సేవ నుంచి తప్పించే దాకా, మన ఫిరంగిదళంలో తాంపెల్లా అనే పిలిచేవారు.

సముద్ర తీరం సంగతి వేరు. సెయింట్ పీటర్స్‌బర్గ్ రక్షణకు రష్యా కట్టిన తీర దుర్గాలు, వాటి భారీ ఫిరంగులతో సహా ఫిన్లాండ్‌కు దక్కాయి. మాకిలువోతో, కుయివసారి దీవుల మీద 305 మిల్లీమీటర్ల ఫిరంగులుండేవి. ఫిన్లాండ్ గల్ఫ్ ఆవలి ఒడ్డున ఎస్తోనియాకూ అలాంటి వారసత్వమే ఉంది. ముప్పైలలో రెండు దేశాలూ గుట్టుగా కలిసి పనిచేశాయి. రెండు ఒడ్డుల ఫిరంగుల గుండ్లూ గల్ఫ్ నడుమ కలిసేలా చేసి, శత్రు నౌకలకు దారి మూసేయాలన్నది ఆ పథకం.

నేల మీద మాత్రం ఫిరంగిదళం ఇంకో దారి పట్టింది. ఆ దారి చూపినవాడు విల్హో పెత్తెర్ నెనోనెన్. 1883లో కువోపియోలో పుట్టి, హామినా కాడెట్ పాఠశాలలో, ఆ తర్వాత సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని ఫిరంగిదళ అకాడమీలో చదివి, చక్రవర్తి సైన్యంలో పనిచేసినవాడు. తన చేతికి వచ్చే ఫిరంగులు ఏవో ఆయనకు తెలుసు. కొత్తవి రావనీ తెలుసు. పాత గొట్టం నుంచే గుండు తొలిసారే గురికి దగ్గరగా పడేలా చేయగలమా అన్నది ఆయన ప్రశ్న.

అప్పటి వాడుక పద్ధతిలో ఒక గుండు దాటించి, ఒకటి ఇవతల పడేసి, నడుమను వెతుక్కుంటూ గురికి చేరేవారు. దాంతో గుండ్లు ఖర్చవుతాయి, ఎదుటివాడు హెచ్చరిక అందుకుని నేలలో దూరిపోతాడు. గుండ్లే తక్కువైన సైన్యానికి ఇది మోయలేని ఖర్చు. అందుకని నెనోనెన్ మనుషులు ఫిరంగి నిలిచిన చోటును భూమి కొలతలతో నిర్ణయించారు. గాలి వేగం, గాలి చల్లదనం, మందు వెచ్చదనం, గొట్టం అరుగుదల ఇవన్నీ గుండును ఎటు ఎంత జరుపుతాయో పట్టికలు కట్టారు. కరేలియా భూసంధిలోని పెర్క్‌యార్వి మైదానంలో కాల్చి చూస్తూ ఆ పట్టికలను సరిదిద్దారు. సరిహద్దు ప్రాంతానికి 1:20,000 పటాలు సిద్ధమయ్యాయి. ఆ రోజుల్లోనే, 1931లో, ఇదే దేశంలో విల్హో వైసాలా తన తొలి రేడియోసోండ్‌ను ఆకాశంలోకి పంపాడు. పై గాలులు ఎలా ఉన్నాయో నేల మీద నిలబడి తెలుసుకునే సాధనమది.

అడవుల దేశం కావడం ఇంకో చిక్కు. ఫిరంగి దగ్గరున్నవాడికి గురి కనబడదు. పదాతి సైనికులతో ముందుకు వెళ్లిన పరిశీలకుడికే కనబడుతుంది. అతనికి కుడి అనిపించేది వెనకున్న బ్యాటరీకి (ఫిరంగుల జట్టుకు) కుడి కానక్కర్లేదు. ఈ తేడాను లెక్కగట్టే సవరణ పరికరాన్ని నెనోనెన్ బృందం 1943 నాటికి తయారుచేసింది. పరిశీలకుడు తనకు కనబడినట్టే సవరణ చెబితే చాలు, ఏ బ్యాటరీ ఎంత తిరగాలో అది చెప్పేస్తుంది. 1944 వేసవిలో సోవియట్ సైన్యంతో జరిగిన తాలి-ఇహంతాలా పోరులో దాదాపు 250 ఫిరంగులను ఒకే గురి మీదకు తిప్పగలిగారంటే వెనకున్నది ఈ ఇరవై ఏళ్ల కసరత్తు. ఫిన్లాండ్‌లో ఫిరంగిదళ జనరల్ హోదా పొందినవాడు నెనోనెన్ ఒక్కడే.

ఇంత మాత్రాన లెక్కలు దేశాన్ని కాపాడాయని చెప్పడం సరికాదు. 1939 ఆగస్టులో ప్రధాని కయాండర్, నిల్వ గదుల్లో పాతబడే ఆయుధాల మీద ఎక్కువ ఖర్చు పెట్టనందుకు సంతోషం ప్రకటించారు. నవంబర్ 30న యుద్ధం వచ్చింది. ఒక డివిజన్‌కు నిర్ణయించిన ఫిరంగులు 36. చాలాచోట్ల అవి కూడా పూర్తిగా లేవు. సువోముస్సాల్మిలో కమాండర్ సీలస్వువో సేనకు మొదట్లో ఒక్క ఫిరంగి అయినా లేదు. తైపాలెలో ముందే కొలిచి పెట్టుకున్న గురుల మీద గుండ్లు కురిపించి దాడులను ఆపారు, నిజమే. కానీ గుండ్ల నిల్వ సుమారు మూడు వారాల యుద్ధానికే సరిపడేది. యుద్ధం 105 రోజులు సాగింది. ఆ లోటు భారం ముందు వరుస పదాతుల మీద పడింది. నెనోనెన్‌ను ఎంత మెచ్చుకున్నా ఆ వారాల్లో చనిపోయిన కుర్రవాళ్ల లెక్క తగ్గదు.

హెల్సింకీలో మన తెలుగు సాఫ్ట్‌వేర్ కుటుంబాలు కొన్ని ఉన్నాయి. పిల్లలను తీసుకుని ఒక ఆదివారం ఇక్కడికి రండి. ముందు 1877 నమూనా చక్రాల దగ్గర కాసేపు నిలబడండి. ఆ తర్వాత పటాలు, గురి సాధనాలు ఉన్న వైపు వెళ్లండి. చక్రాలను ముందు చూస్తేనే పటాల అవసరం పిల్లలకు తెలుస్తుంది.