బాసగూడలో నాలుగు గీతలు

ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా కేంద్రం నుండి సుమారు 50 కిలోమీటర్ల దూరాన, తాలిపేరు నది ఒడ్డున, బాసగూడ అనే గ్రామం ఉన్నది. బైలడిల్లా గనుల పేరు బాగా ఎరిగిన మన సంస్థ మిత్రులలో కూడ చాలామందికి ఈ ఊరి పేరు కొత్తగా ఉండవచ్చును. పటంలో అది మరొక రాష్ట్రమే అయినప్పటికీ, అక్కడి నది దిగువకు ప్రవహించి, చర్ల వద్ద జలాశయంగా నిలిచి, తరువాత గోదావరిలో కలుస్తుంది. వర్తకమూ, వైద్యమూ, వియ్యమూ తరతరాలుగా ఆ నీరు పోయిన దారినే సాగాయి. దోర్ల, గోండు ప్రజల నడుమ తెలుగు మాట అక్కడ పరాయిది కాదు. ఇప్పపువ్వు, చింతపండు, తునికాకు వ్యాపారంతో ఒకప్పుడు కళకళలాడిన ఊరు అది.

మా పెద్దక్కయ్యను 1980వ దశకం చివరలో ఆ ఊరి వర్తక కుటుంబానికి ఇచ్చారు. 2005లో సల్వా జుడుం ప్రారంభమైన అనంతరం ఆ ప్రాంతంలో చెలరేగిన హింసలో బాసగూడ దాదాపు నిర్మానుష్యమైంది. అనేక కుటుంబాలవలెనే వారు కూడ కట్టుబట్టలతో చర్ల చేరుకొన్నారు. బావగారు తిరిగి ఆ ఊరు చూడకుండానే కన్నుమూశారు. కొన్నేళ్ళ క్రితం మా మేనల్లుడు వెనుకకు వెళ్ళి, పైకప్పు పోయిన ఇంటిని బాగుచేసుకొని, ముందుగదిలో కిరాణా కొట్టు, దానికి ఆనుకొని బ్యాంకు ఖాతాదారుల సేవాకేంద్రం పెట్టుకొన్నాడు. అక్కయ్య కూడ వెంట వెళ్ళింది. "ఇన్నేళ్ళు అద్దె ఇంట్లో ఉన్నాను తమ్ముడూ, ఇక నా గోడల మధ్య ఉంటాను" అన్నది. ఆ గోడల మధ్యకు ఇంటర్నెట్టును తీసుకొనిరావడం ఎంత పని అయిందో మిత్రులతో పంచుకోదలచాను.

పట్టణంలో ఇంటర్నెట్టు నిలిచిపోతే సినిమా ఆగుతుంది, లేదా ఆఫీసు సమావేశం ఆగుతుంది. అక్కడ ఆగేది డబ్బు. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2024 మార్చి నుండి మహతారీ వందన్ పథకం క్రింద వివాహిత స్త్రీలకు నెలకు 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో జమ చేస్తున్నది. ఆ వేయి రూపాయలు చేతికి రావాలంటే మా మేనల్లుని ముందుగదిలో, అరచేతిలో పట్టే ఒక యంత్రం మీద వేలు పెట్టాలి. వేలిముద్ర ఆధార్ కేంద్రానికి వెళ్ళి, సరిపోలి, బ్యాంకు నుండి అనుమతి తిరిగి రావాలి. దీనికి పంపవలసిన సమాచారం చాలా చిన్నది, ఒక ఫొటోలో పదోవంతు కూడ ఉండదు. కాని అది నియమిత వ్యవధిలోగా వెళ్ళి రావాలి. సగంలో తెగిపోతే ఒక్కొక్కసారి ఖాతాలో సొమ్ము తగ్గిపోతుంది గాని, యంత్రానికి ఆ కబురు చేరదు. అటువంటి సొమ్మును 5 రోజులలోగా సర్దుబాటు చేయాలనీ, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలనీ రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో ఆదేశించింది. మంచి నియమమే. కాని పది, పన్నెండు కిలోమీటర్లు నడిచి వచ్చిన ముసలమ్మకు "నీ డబ్బు పోలేదు, అయిదు రోజులకు వస్తుంది" అని చెప్పవలసినవాడు మా మేనల్లుడు. ఆమె చూపులో అతడే దొంగ. డబ్బు తిన్నాడన్న మాట ఒకసారి పుడితే ఆ ఊళ్ళో కొట్టు నడపడం కష్టం. అక్కయ్యకు నిద్ర పట్టనిది ఈ కారణం వల్లనే.

"మామయ్యా, ఫోనులో గీతలు నాలుగూ ఉన్నాయి. పని మాత్రం ఒక్కటీ కావడంలేదు" అని అతడు ఫోనులో మొర పెట్టుకొన్నాడు. సేవలందించే సంస్థకు అతడు చేసిన ఫిర్యాదులు ఒక నోటు పుస్తకం నిండా ఉన్నాయి. సంస్థ పేరు ఇక్కడ అనవసరం. మొదటి ఫిర్యాదుకు, మీ ప్రాంతంలో సంకేతం బాగున్నది అని జవాబు. రెండవదానికి, ఫోను ఆపి మళ్ళీ వెలిగించమని సలహా. మూడవదానికి, ఫిర్యాదు స్థితిని తమ యాప్‌లో చూసుకొమ్మని సూచన. ఆ యాప్ తెరుచుకోవడానికి కావలసినదే అక్కడ లేదు! నాలుగవ ఫిర్యాదు నమోదు చేసిన గంటలోపే "మీ సమస్య పరిష్కరింపబడినది" అని సందేశం వచ్చింది. ఆ సందేశం మాత్రం ఏ ఆటంకమూ లేకుండా వచ్చింది.

గత వేసవిలో సెలవు పెట్టి నేను స్వయంగా వెళ్ళాను. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్టు సేవ ప్రారంభించిన రోజులలో మోడెము కూతలు విని సంబరపడిన తరం నాది. ఓపికకు లోటు లేదు. మొదటి రెండు రోజులు ఏ మరమ్మతూ చేయకుండా, గంట గంటకూ రెండు అంకెలు వ్రాసుకొన్నాను. ఒకటి సంకేత బలం, రెండవది వేగం. తెల్లవారుజామున అయిదు గంటలకు వేగం బాగానే ఉన్నది. పదిన్నరకు దాదాపు శూన్యం. విశేషమేమంటే, రెండు వేళలలోనూ సంకేత బలం ఒకటే. అంటే దోషం ఇంటికీ టవరుకూ మధ్య లేదు, టవరుకు ఆవల ఉన్నది.

మన ప్లాంటులో కన్వేయరు బెల్టు ఎంత వెడల్పుగా ఉన్నా, చివరి చ్యూటు ఇరుకైతే ముడిసరుకు ఎక్కడ ఆగుతుందో మిత్రులకు చెప్పనక్కరలేదు. ఫోనులోని గీతలు బెల్టు వెడల్పును మాత్రమే చూపుతాయి. టవరు నుండి దేశపు ప్రధాన జాలానికి పోయే మార్గమే చ్యూటు. పట్టణాలలో అది కాంతితంతువు. అడవి టవర్లలో చాలావాటికి అది ఉపగ్రహం. ఆ కొద్దిపాటి సామర్థ్యాన్ని ఊరంతా పంచుకోవాలి. తెల్లవారుజామున ఎవరూ లేవరు గనుక మా మేనల్లునికి దక్కుతున్నది, కొట్టు తెరిచే వేళకు దక్కడంలేదు.

ఉపగ్రహమేనా అన్న సందేహం తీర్చుకోవడానికి సులువైన పరీక్ష ఒకటున్నది. భూస్థిర ఉపగ్రహం భూమధ్యరేఖకు ఎగువన 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. ప్రశ్న పైకి పోయి క్రిందికి రావాలి, జవాబు కూడ పైకి పోయి క్రిందికి రావాలి. కాంతి వేగంతో పోయినా ఈ నాలుగు ప్రయాణాలకు దాదాపు అర సెకను పడుతుంది. ఏ ఇంజనీరూ దీనిని తగ్గించలేడు. వేకువన జాలం ఖాళీగా ఉన్నప్పుడు పింగ్ పంపి చూస్తే జవాబు అర సెకను పైననే వచ్చింది. ఒక్క వేలిముద్ర వ్యవహారంలో ఇటువంటి రాకపోకలు అనేకం ఉంటాయి. రద్దీ కూడ తోడైతే గడువు దాటిపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఇక మార్గాంతరం. జిల్లా కేంద్రం వైపు రోడ్డు వెంట ఏడెనిమిది కిలోమీటర్ల దూరాన మరొక సంస్థ టవరు ఉన్నది. బండి మీద దాని క్రిందకు వెళ్ళి పింగ్ పంపితే జవాబు సెకనులో పదోవంతులోపే వచ్చింది. దానికి కాంతితంతువు ఉన్నదని తేలిపోయింది. కాని ఇంట్లో కూర్చొన్న ఫోనుకు దాని సంకేతం బహు బలహీనం. దగ్గరి టవరు పెద్దగా అరుస్తుంది, దూరపు టవరు మెల్లగా మాట్లాడుతుంది, పనికివచ్చేది రెండవదాని మాటే.

మేనల్లుడు అంతకుముందే ఒక దుకాణదారు మాట నమ్మి, ఇంటిపైన యాంటెనా కట్టి, పదిహేను మీటర్ల సన్నని కోయాక్సియల్ తీగ లాగి రౌటరుకు తగిలించాడు. యాంటెనా సంపాదించినదంతా ఆ తీగ తినివేసింది. ఈ పౌనఃపున్యాలలో సన్నని తీగ ప్రతి మీటరుకూ అర డెసిబెల్‌కు మించి మింగుతుంది. పదిహేను మీటర్లకు లెక్క చూసుకోండి! అందువల్ల రౌటరునే వానకు తడవని పెట్టెలో పెట్టి, యాంటెనా ప్రక్కనే స్తంభం మీద బిగించాము. క్రిందికి వచ్చేది ఈథర్‌నెట్ తీగ ఒక్కటే. విద్యుత్తు కూడ ఆ తీగలోనే పైకి పోతుంది. ఈథర్‌నెట్‌కు 100 మీటర్ల వరకు బెంగ లేదు. స్తంభం మూడు ముక్కల జి.ఐ. పైపు, 12 మీటర్లు, మూడు వైపులా గై వైర్లు. యాంటెనాను దూరపు టవరు వైపు గురిపెట్టి, రౌటరును ఆ టవరు తరంగానికే బంధించాము. బస్తరు పిడుగుల సంగతి తెలిసినవారెవరూ ఎర్త్ పిట్ లేకుండా ఇనుప స్తంభం నిలపరు. బొగ్గు, ఉప్పు పోసి గొయ్యి తవ్వించడానికి ఒక రోజంతా పట్టింది.

అంతకంటె ఎక్కువ సమయం పట్టినది అనుమతికి. ఆ ప్రాంతంలో ఒక ఇంటిపై ఎత్తయిన స్తంభమూ, దాని మీద అడవి వైపు చూచే యాంటెనా లేస్తే, ఎవరికైనా అనుమానం సహజమే. నేను హిందీలో ఒక దరఖాస్తు, దానికి జతగా కొలతలతో పటము వ్రాసి ఇచ్చాను. అధికారులు మర్యాదగానే విన్నారు. "ఇది పంపుతుందా, అందుకొంటుందా?" అని అడిగారు. రెండూ చేస్తుందని చెప్పినపుడు మరొక రోజు ఆలోచించుకొన్నారు.

నిజానికి ఇటువంటి ఇంటిపనులు అవసరం లేకుండా చేయడానికి దేశం చాలా ధనమే వెచ్చిస్తున్నది. తీవ్రవాద ప్రభావిత ప్రాంతాలలో మొదట 2జి కోసం నిలిపిన 2,343 కేంద్రాలను 4జికి మార్చడానికి కేంద్ర మంత్రివర్గం 2022 ఏప్రిల్‌లో ఆమోదించింది. దేశీయ పరిజ్ఞానంతో రూపొందిన 4జి వ్యవస్థను భారత్ సంచార్ నిగమ్ 2025 సెప్టెంబరులో దేశవ్యాప్తంగా ప్రారంభించింది. ప్రభుత్వరంగంలో పని చేసేవానిగా ఇది నాకు గర్వకారణమే. అయితే టవరులోని రేడియోను మార్చినంత మాత్రాన చ్యూటు వెడల్పు కాదు.

ఆ దృష్టితో చూస్తే నాకు ఎక్కువ ఆశ కలిగించినది 2023 ఆగస్టులో మంత్రివర్గం ఆమోదించిన సవరించిన భారత్‌నెట్ పథకం. 1,39,579 కోట్ల రూపాయల అంచనా వ్యయం గురించే అందరూ మాట్లాడుకొన్నారు గాని, అందులో ఇంజనీరు చూడవలసిన మాట వేరొకటి ఉన్నది. గ్రామ పంచాయతీలను వలయాకారంలో కలపాలని ఆ పథకం ఉద్దేశం. 2011లో మంజూరైన తొలి పథకంలో తంతువు చెట్టు కొమ్మవలె సాగింది. రోడ్డు వెడల్పు చేసే యంత్రం ఒకచోట దానిని తెంపితే, ఆ కొసకు ఉన్న ఊళ్ళన్నీ చీకటిలో పడతాయి. అడవి దారిలో అతుకు వేసే మనిషి రావడానికి ఎన్ని రోజులైనా పట్టవచ్చును. వలయమైతే ఒకవైపు తెగినా రెండవ వైపు నుండి సమాచారం తిరిగి వస్తుంది. మన సబ్‌స్టేషన్లలో రింగ్ మెయిన్ ఎందుకు వేస్తామో ఇక్కడ కూడ అదే. బాసగూడ వంటి ఊరికి టవరు సంఖ్య కంటె ఈ వలయం పూర్తికావడమే ముఖ్యమని నా అభిప్రాయం.

స్తంభం నిలిపిన తరువాత మేనల్లుడు వ్రాసే నోటు పుస్తకంలో విఫలమైన వ్యవహారాల పట్టిక, ఇదివరకు పుటలో సగానికి పైగా నిండేది, ఇప్పుడు రెండు మూడు వరుసలకు దిగింది. కొట్టు ముందు ఎదురుచూసేవారికోసం వేసిన బల్ల ఇప్పుడు చాలాసార్లు ఖాళీగా ఉంటున్నదట. దూరపు టవరుకు విద్యుత్తు పోయిన రోజున మాత్రం పాత పద్ధతే, తెల్లవారుజామున అయిదింటికి కొట్టు తెరవడమే. గై వైర్లలో ఒకదాని మీద అక్కయ్య చీరలు ఆరవేస్తున్నదని అతని ఫిర్యాదు. వైరు బిగింపు సడలనంతవరకు నాకు అభ్యంతరం లేదని చెప్పాను. వానలకు గురి దారిలోని ఇప్పచెట్టు కొమ్మలు గుబురెక్కి సంకేతం నాలుగైదు డెసిబెళ్ళు తగ్గింది. ఇప్పపువ్వు ఇచ్చే చెట్టును అక్కడ ఎవరూ నరకరు. దసరా సెలవులలో వెళ్ళి స్తంభానికి మరొక రెండు మీటర్ల పైపు చేర్చవలసి ఉన్నది.