వేడినీటి మూర్ఛ

గండికోటలో మా చిన్నాన్నగారి ఇల్లు కోటగోడ లోపలనే ఉండేది. వాకిట నిలిస్తే మసీదు మినారులు కనిపించేవి. కొంత దూరం నడిస్తే ఎర్రమల కొండలను చీల్చుకొని పారే పెన్నానది లోయ. ఆ ఇంటి పెరటిలో, కంది కట్టెల మంటపై పొగలు గక్కుతున్న రాగి కాగు పక్కన, 1986 దీపావళి ఉదయాన నేను మొదటిసారి మూర్ఛను చూశాను.

పన్నెండేళ్ల మా చెల్లెలి తలకు సీకాయ రుద్ది, పిన్నమ్మ చెంబు వెంట చెంబుగా వేడినీళ్లు గుమ్మరిస్తున్నది. నాలుగో చెంబుకు ఆ పిల్ల చూపు శూన్యంలో నిలిచిపోయింది. పెదవులు ఏదో గొణిగాయి. మరుక్షణం ఒళ్లు బిగుసుకొని బండపై ఒరిగిపోయింది. ఒకరు చేతిలో ఇనుప తాళాల గుత్తి పెట్టారు. మరొకరు ఉల్లిగడ్డ చితిపి ముక్కు దగ్గర ఉంచారు. చదువుకున్నవాడినన్న ధీమాతో నేను పళ్ల నడుమ చెంచా దూర్చబోయాను. నోట్లో ఏమీ పెట్టరాదని, పక్కకు తిప్పి పడుకోబెట్టి కనిపెట్టుకొని ఉండాలని ఆనాడు నాకు తెలియదు.

తలంటు పోసిన రోజున అలా జరగడం అది మూడవసారి. పాడుబడిన గుడిలో ఆడుకొంటుంటే గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టారు. పడిపోతుందన్న భయంతో లోయ వైపు పోనీయలేదు. క్రమంగా బడికీ పోనీయలేదు.

తరువాత నేను డిగ్రీలో చేరి అలంకారశాస్త్రం చదివాను. ముప్పైమూడు వ్యభిచారిభావాలలో ‘అపస్మారం’ ఒకటి. స్మృతి తొలగిపోవడమని దాని అర్థం. నటరాజస్వామి పాదం కింద అణగి ఉన్న మరుగుజ్జు పేరూ అదే. చరకసంహిత దానిని రోగంగానే పరిగణించి చికిత్స చెప్పింది. ఇవన్నీ కంఠస్థం చేసి పరీక్షలు రాశానే గాని, మా పెరటిలో కూలిన పిల్ల ఒక్కనాడూ నా తలపునకు రాలేదు. ఆ సిగ్గు నన్ను నేటికీ వదలలేదు.

1989లో చిన్నాన్నను ఒప్పించి, చెల్లెలిని బెంగుళూరులోని నిమ్హాన్స్‌కు తీసుకొని వెళ్లాము. అక్కడి వైద్యుడు తాయెత్తును చూచి నవ్వలేదు. “అమ్మాయికి స్నానం ఎలా చేయిస్తారు?” అని మాత్రమే అడిగాడు. పిన్నమ్మ చేతులు తిప్పి చూపించగానే ఆయనకు విషయం బోధపడింది.

మన మెదడులోని నాడీకణాలు సూక్ష్మమైన విద్యుత్ సంకేతాలతో మాట్లాడుకొంటాయి. ఒకదానిని ఉసికొల్పేవి కొన్ని, అదుపు చేసేవి కొన్ని. ఆ అదుపు తప్పి అసంఖ్యాక కణాలు ఒక్కసారిగా సంకేతాలు వెలువరిస్తే కలిగేదే మూర్ఛ. 1924లో హాన్స్ బెర్గర్ అనే జర్మన్ వైద్యుడు మానవ మెదడు విద్యుత్తును తొలిసారి గీతలుగా నమోదు చేసినందువల్ల ఈ తుపానును కంటితో చూడగలుగుతున్నాము. కొందరిలో శరీరపు వేడిని నియంత్రించే వ్యవస్థ పుట్టుకతోనే అతిసున్నితమని వైద్యుల భావన. నలభై, యాభై డిగ్రీల నీళ్లు నడినెత్తిన ధారగా పడితే చాలు, అదుపు తెగిపోతుంది. తలపై వేడినీళ్లు గుమ్మరించుకొనే అలవాటున్న దక్షిణ భారతంలో ఈ వ్యాధి ఎక్కువ. 2009లో బెంగుళూరు పరిశోధకులు కొన్ని కుటుంబాలలో దీనికి పదవ క్రోమోజోములోని ఒక భాగంతో సంబంధమున్నట్లు గుర్తించారు. గాలికి క్రోమోజోము ఉండదు గదా!

చికిత్స మా పిన్నమ్మకు నమ్మశక్యం కానంత చిన్నది. గోరువెచ్చని నీళ్లు, కొద్దికొద్దిగా, కొంతకాలం మాత్రలు. ఈనాడు కొందరికి స్నానానికి ముందు మాత్రమే క్లోబజామ్ అనే మందు ఇస్తున్నారు.

మూర్ఛలు ఆగిపోయాయి. చెల్లెలు ప్రైవేటుగా చదివి పదవ తరగతి ప్యాసయింది. పెళ్లి మాటలు వచ్చినప్పుడు మాత్రం చిన్నాన్న జంకాడు. హిందూ వివాహ చట్టం అప్పట్లో మూర్ఛరోగులను వివాహానికి అనర్హులలో చేర్చింది; ఆ మాటను తొలగించినది 1999లో. చెల్లెలి పెళ్లి 1994లో. దాచమన్నవారే అందరూ. ఆమె మాత్రం పెళ్లిచూపులలోనే, “నాకు వేడినీళ్లు తల మీద పడితే మూర్ఛ వచ్చేది” అని చెప్పివేసింది. వరుడు కాసేపు ఆలోచించి, “అయితే చన్నీళ్లు పోసుకొందువులే” అన్నాడట.

మొన్న ఉగాదికి గండికోట వెళ్లాను. అదే పెరడు, కాగు స్థానంలో స్టీలు బిందె, గ్యాసు పొయ్యి. చెల్లెలు మనుమరాలికి తలంటు పోస్తున్నది. బిందెలో మోచేయి ముంచి చూచి, “అన్నా, ఇంకొక చెంబు చన్నీళ్లు అందుకో” అన్నది.