పురిటింటి తొలి దినము

ఇంట శిశువు పుట్టినంతనే మనము గడియారము చూతుము. జాతకము వ్రాయించుటకు ఆ నిమిషము కావలెను గదా. ఆ నిమిషము మొదలు 24 గంటలు లెక్కింపవలసిన పని మఱియొకటి కలదని నా కుమార్తె పురుటివేళ గాని నే నెఱుగనైతిని.

2021లో ఆమె గర్భవతిగా నున్నపుడు రక్తపరీక్షలో హెపటైటిస్ బి బయటపడెను. అమ్మాయికి ఒంటిలో ఏ నలతయు లేదు. అయినను వియ్యపురాలి మొగము ముడుచుకొనెను. అది నడవడి చెడినవారి రోగమని ఆమె యెక్కడనో వినియుండెను. వైద్యురాలు నన్నును పరీక్ష చేయించుకొమ్మనెను. నాకును ఉన్నది! 1994లో కాన్పునాడు నా రక్తమునుండియే అమ్మాయికి సోకియుండునని ఆమె చెప్పెను. ఇన్నేండ్లు నేను దానిని ఎఱుగకయే మోసితిని.

పెద్దవారికి సోకినచో నూటికి 95 మందికి పైగా ఆ క్రిమి తనంతట వదలిపోవును. పుట్టునపుడు సోకిన శిశువులలో సుమారు 90 మందికి అది నిలిచిపోవును. నడివయస్సున కొందఱి కాలేయము గట్టిపడును, కొందఱికి క్యాన్సరు పుట్టును. క్రిమి స్థిరపడకమునుపే టీకా వేయవలెననుట ఇందువలననే. జన్యువిధానమున మన దేశములో తయారైన తొలి హెపటైటిస్ బి టీకాను హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ వారు 1997లో వెలువరించిరి. నా బిడ్డకు అది అందలేదు.

మనుమరాలు రాత్రివేళ పుట్టెను. "వదినగారూ, పసిగుడ్డుకు సూదియా? పురుడు వెళ్ళనిండు" అని వియ్యపురాలు అడ్డుపడెను. నా మనస్సును ఒక క్షణము తడబడెను. పదునొకండవ దినమునాటికి సమయము మించిపోవునని వైద్యురాలు చెప్పగా, బిడ్డను నేనే ఒడిలో పట్టుకొంటిని. ఒక తొడకు టీకా, రెండవ తొడకు ఇమ్యునోగ్లోబ్యులిను, 12 గంటలలోపలనే పడినవి. 6, 10, 14 వారములకు తక్కిన మోతాదులు వేయించితిమి. తల్లిపాలు మాన్పలేదు, మాన్పనక్కఱయు లేదు.

తొమ్మిది నెలలు నిండిన పిదప, 2022లో, శిశువునకు పరీక్ష చేయించితిమి. రోగము లేదు. వియ్యపురాలు ఆ కాగితమును రెండుమాఱులు చదివించుకొని, మాటాడక, కోడలికి తానే అన్నము వడ్డించెను.

సోదరీమణులారా, గర్భిణికి ఈ పరీక్ష తప్పక చేయించుడు. ఫలము ఎట్లున్నను ఆమెను నిందింపకుడు. నిందకు జడిసి దాచిన తల్లి బిడ్డకు ఆ మొదటి దినము వట్టిదైపోవును.