జంగు కింది నంబరు

వేములవాడలోని మా ఇంట్లో ఒక పాత దునాలీ తుపాకి ఉన్నది. తాతగారి తరువాత దాని లైసెన్సు మా చిన్నాయన పేరుమీదికి మారింది. పంటమీద పడే అడవిపందుల కోసం కొన్నారట. అది పేలగా నేనెన్నడూ వినలేదు. ఎన్నికలు వచ్చినప్పుడు ఠాణాలో జమ కావడం, అవి ముగిశాక తిరిగి రావడం, ఇంతే దాని సంచారం.

మొన్నటి వానాకాలం తరువాత గొట్టాలమీద జంగు పొడలు కనిపించాయి. "గరుకు కాగితం పెట్టి రుద్దితే అద్దంలా అయితది" అన్నారు చిన్నాయన. నేను వద్దన్నాను.

తుపాకి గొట్టాలకు ఉండే నలుపు పైన పూసిన రంగు కాదు. అదీ ఒక రకం జంగే. పాతకాలపు పనివాళ్ళు గొట్టాన్ని జిడ్డు లేకుండా తుడిచి, ఆమ్లమూ లవణాలూ కలిపిన ద్రావణం పూసి, కావాలనే తుప్పు పట్టించేవారు. ఆ ఎర్రపొరను సన్నని తీగల కుంచెతో దువ్వి మళ్ళీ పూసేవారు. రోజుల తరబడి ఇదే పని. మరుగుతున్న నీటిలో ఉంచితే ఎర్ర తుప్పు నల్లని ఆక్సైడుగా మారి ఇనుమును అంటిపెట్టుకుంటుంది. మరిగించకపోతే గోధుమవన్నెలో నిలుస్తుంది. నూనెను పట్టి ఉంచి, తినే తుప్పును అడ్డుకునేది ఈ పొరే. ముల్లును ముల్లుతోనే తీయడమంటే ఇదే కాబోలు!

మా తుపాకిది గోధుమవన్నె. వెలుతురులో వంచి చూస్తే, పాము కుబుసం మీది గీతలవంటి మెలికలు. ఇటువంటి చారలనే కత్తుల విషయంలో జౌహర్ అనేవారు. చిన్నాయన దృష్టిలో ఇది కోనసముద్రం ఉక్కు. ఆయన అభిమానంలో అర్థమున్నది. కోరుట్ల దాటి నిజామాబాదు వైపు వెళితే వచ్చే ఆ ఊరి ఉక్కును పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు. 1832లో అచ్చయిన వాయిసీ వ్యాసంలో ఆ మూసల పని వర్ణన ఉన్నది. కానీ ఇది ఆ ఉక్కు కాదు. ఇనుప, ఉక్కు పట్టీలను మెలిపెట్టి, కడ్డీకి చుట్టి, కాల్చి అతికిన గొట్టం. నేటి తూటాల ఒత్తిడికి ఇటువంటివి పగిలిపోవచ్చు. రుద్దేకొద్దీ గోడ మరింత పలుచబడుతుంది. (ఈ మాట చిన్నాయనకు నచ్చలేదు.)

నన్ను అసలు భయపెట్టినది నంబరు. జంగు పొడలలో ఒకటి సరిగ్గా దానిమీదే పడ్డది. 1959 నాటి ఆయుధాల చట్టం ఎనిమిదవ సెక్షను ప్రకారం తుపాకిమీది గుర్తింపు నంబరును చెరపడం నేరం. సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను 1978లో కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించిన సీమ మాది. ఎవరింట్లో ఏ తుపాకి ఉన్నదన్నది ఇక్కడ ఊరికే అడిగే ప్రశ్న కాదు.

ఖాళీగా ఉన్నదని రెండుమార్లు చూసుకుని, పొడలమీద పలుచని నూనె వేసి ఒక రాత్రి ఉంచాము. మరునాడు మెత్తని గుడ్డతో తుడిచాము. ఎరుపు వదిలింది, గుంటలు మిగిలాయి. చిన్నాయన కళ్ళద్దాలు పెట్టుకుని లైసెన్సు పుస్తకంలో ఒక్కొక్క అంకే చదివారు. నేను గొట్టంమీద వెతికాను. చివరి అంకె మూడో ఎనిమిదో తేలక, దీపం పక్కకు జరిపి చూడవలసి వచ్చింది.

ఎనిమిదే.

మళ్ళీ వన్నె పెట్టించడం లైసెన్సు ఉన్న పనివాడికే వదిలిపెట్టాము. గరుకు కాగితం కొడవళ్ళకు పనికివచ్చింది.