రోలూ మిక్సీ లాంటి రెండు కార్లు

రోటి పచ్చడి గొప్పతనం గురించి ఉపన్యాసాలిచ్చే మగవాళ్ళని మీరూ చూసే ఉంటారు. రుబ్బేది మాత్రం వాళ్ళు కారు! పాత స్పోర్ట్స్ కార్ల సంగతీ అంతేనని ఇంగ్లండులో మా అమ్మాయి దగ్గర మూడు నెలలున్నప్పుడు నాకు తెలిసొచ్చింది.

వాళ్ళకి రెండు కార్లు. రెండిట్లోనూ ఇద్దరికే చోటు. రెండిటికీ పైన టాపు తీసేసుకోవచ్చు. ఒకటి మా అల్లుడు ముచ్చటపడి కొన్న 1972 నాటి ఎమ్.జి.బి. రెండోది అమ్మాయి ఆస్పత్రి డ్యూటీకి వేసుకెళ్ళే మాజ్డా ఎమ్.ఎక్స్-5. "మాజ్డా అమ్మేద్దాం, ఒక్క కారు చాలు" అని ఆయన. "అమ్మితే మీదే అమ్మండి" అని ఇది. తీర్పు చెప్పమని నన్ను కూర్చోబెట్టారు.

ఎమ్.జి.బి. సామాన్యమైన కారు కాదండోయ్. 1962 నుంచి 1980 దాకా ఆబింగ్డన్ అనే ఊళ్ళో ఐదు లక్షలకు పైగా తయారయ్యాయి. చలి ఉదయాన దాన్ని స్టార్టు చెయ్యడం చూస్తే మన పంపు స్టవ్వే గుర్తొచ్చింది నాకు. ముందు చోక్ లాగాలి. ఇంజను వేడెక్కేకొద్దీ దాన్ని కొంచెం కొంచెంగా లోపలికి తొయ్యాలి. కార్బురేటర్లు రెండు, ఆ రెండూ సమంగా గాలి పీల్చేట్టు అప్పుడప్పుడూ సరిచెయ్యాలి. 2021 నుంచి అక్కడి మామూలు పెట్రోల్లో 10 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు. పాతకాలపు రబ్బరు గొట్టాలకి అది పడదని వాటినీ మార్పించారు.

కానీ బండి కదిలిందా, ఇక ఆ దర్జాయే వేరు! నలభై మైళ్ళ వేగానికే గాల్లో తేలిపోతున్నట్టుంటుంది. పైగా నలభై ఏళ్ళు దాటిన బండి కాబట్టి అక్కడ రోడ్డు టాక్సు కూడా లేదు. బానెట్ ఎత్తితే ఏ భాగం ఏం చేస్తుందో అల్లుడు వేలు పెట్టి చూపించారు, నాకూ అర్థమైంది. నిజం చెప్పొద్దూ, మనసు పడ్డాను.

మాజ్డా బానెట్ ఎత్తితే మనకి తెలిసేదేం లేదు, మెకానిక్ కూడా కంప్యూటర్ తగిలించి చూడాల్సిందే. పాత ఇంగ్లీషు కార్ల సరదా మళ్ళీ రావాలనే జపాను వాళ్ళు దీన్ని తయారుచేసి, 1989లో చికాగో ప్రదర్శనలో పెట్టారు. 2016 కల్లా పది లక్షలు దాటాయి. బటన్ నొక్కితే స్టార్టవుతుంది. తడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా ఎ.బి.ఎస్. ఉంది, ఎయిర్ బ్యాగులున్నాయి. ఎమ్.జి.బి.లో అవేవీ లేవు.

రాత్రి డ్యూటీ ముగించుకుని, వానలో, పెద్ద పెద్ద లారీల మధ్య వచ్చేది నా కూతురు. అల్లుడుగారు ఆఫీసుకెళ్ళేది రైల్లో!

అందుకే అన్నాను: "ఈ చలికాలమంతా మీరు రోజూ ఎమ్.జి.బి.లోనే ఆఫీసుకెళ్ళండి బాబూ. ఏది అమ్మాలో మార్చిలో చెబుతాను."

మొన్న ఫోనులో అడిగితే, మాజ్డా అమ్మే మాట ఎత్తడం లేదంది అమ్మాయి. ఆయన ఆదివారాలు చేతులకి గ్రీజు పూసుకుని హాయిగా ఉన్నారట.