మెకానిక్ దగ్గర మాత్రం స్టార్ట్ అయ్యే కారు

మా ఇంట్లో ఒక పాత చిన్న కారు ఉంది. 2003 మోడల్. నాన్న సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. నెలకి రెండుసార్లు నాయనమ్మని తెనాలి నుంచి గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్ళి తీసుకురావడమే దాని ముఖ్యమైన డ్యూటీ.

ఏడాది నుంచి దానికో జబ్బు పట్టుకుంది. తాళం తిప్పితే 'టక్' అని ఒక్క చప్పుడు, అంతే. ఇంజిన్ తిరగదు. అరగంట ఆగితే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అయిపోతుంది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే ఒక్కసారి కూడా మొరాయించదు. "బండి బానే ఉందిగా మాస్టారూ" అంటాడాయన. ముందు బ్యాటరీ మార్పించారు. తర్వాత స్టార్టర్ విప్పించి రిపేర్ చేయించారు. జబ్బు అలాగే ఉంది. చివరికి "తాళం పూర్తిగా తిప్పుతున్నారా మాస్టారూ?" అని అడిగాడట. ముప్ఫై ఏళ్ళుగా పిల్లలకి పాఠాలు చెప్తున్న మనిషి. ఆ రోజు ఇంటికొచ్చి భోజనం దగ్గర ఒక్క మాటా మాట్లాడలేదని అమ్మ ఫోన్లో చెప్పింది.

మేలో సెలవులకి ఇంటికెళ్ళాను. నేను ఈఈఈ కాబట్టి కరెంట్ సంగతులన్నీ నాకు తెలుసని నాన్న నమ్మకం. ఎలక్ట్రికల్ మెషీన్స్ పేపర్ పోయిందని, సప్లీ రాయాలని నేను చెప్పలేదు. "ఎలా రాశావురా?" అని అడిగితే "బానే రాశాను నాన్నా" అన్నాను.

ఆ వారమే గుంటూరు నుంచి వస్తూ రైల్వే గేటు దగ్గర ఆగాం. పెట్రోలు వేస్ట్ ఎందుకని నాన్న ఇంజిన్ ఆపారు. గేటు లేచింది. టక్. మళ్ళీ టక్. వెనక హారన్లు. ఎండకి నాయనమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటూ కూర్చుంది. నేనూ ఇంకో ఇద్దరూ దిగి తోస్తే సెకండ్ గేర్‌లో అందుకుంది. ఇంటికి వచ్చేదాకా నాన్న మళ్ళీ ఇంజిన్ ఆపలేదు.

ఆ రాత్రి ఆయన పాల లెక్క రాసుకునే డైరీ తెచ్చి నా చేతిలో పెట్టారు. వెనక పేజీల్లో తేదీలు, టైములు. 'ఆసుపత్రి బయట, మధ్యాహ్నం 1.20, స్టార్ట్ కాలేదు, 35 నిమిషాలు.' అలాంటివి పదకొండు. ఎవరూ నమ్మట్లేదని రాసి పెట్టుకున్నారు. ఒక్కటి కూడా పొద్దుటిపూటది కాదు. అన్నీ కొంతదూరం నడిపి, ఆపి, పది పదిహేను నిమిషాల తర్వాత తిప్పినప్పటివే. అంటే ఇంజిన్ వేడి మీద ఉన్నప్పుడే వస్తున్న జబ్బు. నాన్న డేటా చాలా క్లీన్‌గా ఉంది. నా ల్యాబ్ రికార్డులో ఎప్పుడూ అంత క్లీన్‌గా లేదు.

మర్నాడు పొద్దున్నే మల్టీమీటర్ తీశాను. బ్యాటరీ 12.6 వోల్టులు, బ్రహ్మాండం. కేబుళ్ళన్నిటికీ కంటిన్యుటీ పెట్టాను. అన్నిటికీ బీప్ వచ్చింది. మెకానిక్‌లాగే నేనూ "బానే ఉంది నాన్నా" అన్నాను. ఆయన మొహం చూశాక నాకే సిగ్గేసింది.

అప్పుడు ఆ సప్లీ సబ్జెక్టే గుర్తొచ్చింది. స్టార్టర్ కూడా డీసీ మోటారే. తిరగడం మొదలుకాక ముందు బ్యాక్ ఈఎంఎఫ్ సున్నా, కాబట్టి కరెంట్ గరిష్ఠం. మన చిన్న కార్లలో కూడా వంద ఆంపియర్లకి పైనే లాగుతుంది. దారిలో ఎక్కడైనా 0.05 ఓమ్ అడ్డం ఉంటే, వంద ఆంపియర్లకి 5 వోల్టులు అక్కడే పోతాయి. మామూలు మల్టీమీటర్ ఆ 0.05 ఓమ్‌ని చూడనే లేదు, దాని వైర్ల రెసిస్టెన్సే అంతకంటే ఎక్కువ. పైగా బీప్ టెస్ట్‌లో అది పంపేది మిల్లీ ఆంపియర్లే. అంత చిన్న కరెంట్‌కి పాడైపోయిన కేబుల్ కూడా దారి ఇస్తుంది. బరువు పడ్డప్పుడు కొలవాలి.

మధ్యాహ్నం ఎండలో అరగంట తిప్పి, ఇంటిముందు ఆపి, పది నిమిషాలు ఆగాం. హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పమన్నాను. టక్. లైట్లు మాత్రం పెద్దగా తగ్గలేదు. బ్యాటరీ కాదు. గేర్ న్యూట్రల్లో పెట్టించి, మీటర్ ఒక వైరు బ్యాటరీ నెగటివ్ పోస్ట్ మీద, రెండోది ఇంజిన్ బ్లాక్ మీద పెట్టాను. ఈ రెండూ ఒకే గ్రౌండు. తాళం తిప్పినా అర వోల్టు కూడా చూపించకూడదు.

"తిప్పండి నాన్నా."

7.8 వోల్టులు.

జంపర్ కేబుల్‌తో నెగటివ్ పోస్ట్ నుంచి ఇంజిన్‌కి సూటిగా కలిపి మళ్ళీ తిప్పమన్నాను. వెంటనే స్టార్ట్ అయింది. నాన్న స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చుండిపోయారు.

ఇంజిన్‌కి వెళ్ళే గ్రౌండ్ కేబుల్ విప్పి తొడుగు కోసి చూస్తే లోపల రాగి పచ్చగా పొడైపోయింది. నాలుగైదు పోగులు మిగిలాయి. చల్లగా ఉన్నప్పుడు ఎలాగో నెట్టుకొచ్చేది, ఇంజిన్ వేడికి చేతులెత్తేసేది. కొత్త కేబుల్‌కి 280 రూపాయలైంది. బ్యాటరీకీ స్టార్టర్‌కీ పెట్టింది వేలల్లో.

సాయంత్రం నాన్న ఆ ముక్కని తిప్పి తిప్పి చూస్తూ "మీటర్‌లో బీప్ వచ్చిందన్నావుగా, మరి?" అన్నారు. బరువు మోయించకుండా అడిగితే ఏ వైరైనా బానే ఉన్నానంటుందని వివరించాను. చెప్తుంటే గొంతు తడబడింది. "నాన్నా, మెషీన్స్ పోయింది" అన్నాను.

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఎప్పుడు సప్లీ?" అన్నారు. నవంబర్‌లో అన్నాను. డైరీ తీసి రాసుకున్నారు.

ఆ పదకొండు ఎంట్రీల కింద ఇప్పుడు 'కేబుల్ మార్చాం' అని ఉంది. దాని కింద నా పరీక్ష తేదీ.