బిగిసిన మూత

అడ్డరోడ్డులో ఆటో ఎక్కితే ఏటికొప్పాక ఎంతో దూరం లేదు. లక్కపిడతలు కొనుక్కుని మధ్యాహ్నానికల్లా విశాఖ బస్సు ఎక్కేద్దామనుకున్నాను. చీకటి పడేదాకా ఒక పెంకుటింటి వసారాలోనే కూర్చుండిపోయాను. ఒక కుంకుమ భరిణె కూర్చోబెట్టింది.

పని చేస్తున్న తాతగారికి డెబ్బై దాటి ఉంటాయి. పక్కన మనవడు, తొమ్మిదో తరగతి. ఆదివారాలు తరిమెన దగ్గర, అంటే కర్రని తిప్పుతూ చెక్కే యంత్రం దగ్గర, కూర్చుంటాడట. పూర్వం ఒకరు తాడు లాగుతుంటే ఇంకొకరు ఉలి పట్టేవారు. ఇప్పుడు ఆ లాగే పని మోటారుది. పొద్దున వాడు భరిణె చేసి, మూత సరిగ్గా కుదిరిందని మురిసిపోయి, దాన్ని అరుగు మీద ఎండలో పెట్టి అన్నానికి వెళ్ళాడు. వచ్చి మూత పెడితే బలవంతాన దిగింది. తీయబోతే రాలేదు. తాతకి చూపించాడు. ఆయన చేతిలోకైనా తీసుకోలేదు.

"ఎందుకు బిగిసిందిరా?"

"లోపల ఇంకాస్త తియ్యాల్సింది తాతా."

"మరి పొద్దున సరిపోయింది కదా?"

వాడి దగ్గర జవాబు లేదు. ఆయన మళ్ళీ ఉలి అందుకున్నారు. వాడు లేచి మూలనున్న కర్రల కుప్ప దగ్గరికి వెళ్ళాడు. అన్నీ అంకుడు కర్రలే. ఒక్కో ముక్కా అరచేతిలో పెట్టుకుని బరువు చూస్తున్నాడు, గోటితో నొక్కుతున్నాడు, ఒకదానితో ఒకటి తట్టి చెవి దగ్గర పెట్టుకుంటున్నాడు. చివరికి మూత కోసిన కర్రలో మిగిలిన ముక్క వెతికి తెచ్చి, గిన్నె కోసినదాని పక్కన పెట్టాడు. పావుగంటయింది. నేను రెండుసార్లు నోరు తెరిచి మూసుకున్నాను.

"మూతది ఆరని కర్ర తాతా. ఎండకి ముడుసుకుంది."

"ఊఁ" అన్నారాయన. అంతే.

ముందే చెప్పి ఉండొచ్చు కదండీ అన్నాను. "సెప్పేత్తే ఈ మూతొక్కటే కుదురుతాదమ్మా. రేపొచ్చే కర్ర ఏరు" అన్నారు, పని మీద నుంచి కళ్ళు తిప్పకుండానే.

మన ఇళ్ళలో పిల్లవాడు లెక్క దగ్గర అరనిమిషం ఆగితే చాలు, తల్లో తండ్రో ట్యూషన్ మాస్టారో జవాబు అందించేస్తారు. నేనూ ఆ తల్లుల్లో దాన్నే. పావుగంట ఊరుకోవడం ఎంత కష్టమో ఆ వసారాలో తెలిసింది.

తర్వాత లక్క కడ్డీ నా చేతికిచ్చారు. తరిమెన మీద తిరుగుతున్న బొంగరానికి దాన్ని ఆనించాలి, రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. మెల్లగా ఆనిస్తే అసలు అంటలేదు. గట్టిగా నొక్కితే ముద్దలు కట్టింది. మనవడు నవ్వు ఆపుకుంటూ మొగలి ఆకు తీసి దాని మీద ఒత్తాడు. ముద్దలు పరుచుకుని మెరుపొచ్చింది. పసుపు, జాఫ్రా గింజలు, నీలి... రంగులు వీటి నుంచే. మధ్యలో రసాయన రంగులు వచ్చిపడితే, ఈ ఊరి సి.వి.రాజు గారు ఆకులతో, గింజలతో, బెరళ్ళతో ప్రయోగాలు చేసి సహజ రంగుల్ని తిరిగి నిలబెట్టారు. 2023లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది.

ఊరుకోలేక మనవణ్ణి అడిగాను, ఘర్షణ అంటే ఏమిటని. ఎనిమిదిలో చదివిన పాఠమే. చేతులు కట్టుకుని, గుక్క తిప్పుకోకుండా నిర్వచనం అప్పజెప్పాడు. ఆ చేతికే ఇంకా లక్క అంటుకుని ఉంది. నువ్వు చెప్పిందీ, లక్కని కరిగించిందీ ఒకటేరా అనబోయి, తాతగారి వైపు చూసి ఆగాను. "మంట పెట్టలేదు కదా, మరి లక్క ఎలా కరిగింది?" అని మాత్రం అన్నాను. వాడు కడ్డీ వైపు చూశాడు. చేతుల కట్టు విప్పాడు.

ఇదంతా చూసి బడి దండగ అని నేననను. తాతగారు అసలే అనరు. మనవడు చదువుకుని ఉద్యోగంలో కుదురుకోవాలనే ఆయన కోరిక. ఈ పనిలో రాబడి అలాంటిది. పేరుకి మాత్రం లోటు లేదు. ఏటికొప్పాక బొమ్మకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటం నిండా ఈ బొమ్మలే. అయినా తాతగారు, తన తర్వాత ఈ తరిమెన ముందు ఎవరు కూర్చుంటారన్న నా ప్రశ్నకి జవాబివ్వలేదు. ఆ సమాధానం ఆయన దగ్గర లేక ఊరుకున్నారని నా అనుమానం.

వచ్చేటప్పుడు బిగిసిపోయిన భరిణె నాకిమ్మని అడిగాను. డబ్బు తీసుకోనన్నారు, పాడైన సరుకట. ఇప్పుడది మా అబ్బాయి చదువుకునే బల్ల మీద ఉంది. మూత ఇంకా రాలేదు.